పిడికెడు బియ్యం, చిటికెడు పసుపు

మా ఇంట్లో బియ్యం తగ్గిపోతున్నాయని నాకు అనుమానం వచ్చింది. తినేది ముగ్గురం. అందులో నా కొడుకు సుబ్బు నెలలో సగం రోజులు సముద్రం మీదే ఉంటాడు. అలాంటి ఇంట్లో బస్తా అంత తొందరగా అడుగంటకూడదు. మొదట పందికొక్కు పని అనుకున్నాను. తర్వాత పక్కింటి పిల్లి అనుకుని, పిల్లి బియ్యం తింటుందా అని నన్ను నేనే తిట్టుకున్నాను. చివరికి నా అనుమానం ఎక్కడికి పోవాలో అక్కడికే పోయింది, కోడలి మీదికి.

అవును, నేను అనుమానపు మనిషినే. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పుట్టినప్పటి నుంచీ నా పేరు ముసలమ్మ, ఇప్పుడు వయసు కూడా పేరును అందుకుంది. ఇన్నేళ్ళుగా ఒడ్డున వేలంలో చేపలు కొని, ఆటోలో వేసుకుపోయి, కోట ఊరి మార్కెట్లో కూర్చుని అమ్ముతున్నాను. మొప్ప ఎత్తి చూడకుండా చేప కొనను. ఊరికే ఇస్తానన్నవాడి దగ్గరికి అసలే పోను. ఈ రెండు అలవాట్ల వల్లే మొగుడు పోయినా నా ఇల్లు నిలబడింది.

ఒకరోజు పొద్దున గంప ఎత్తుకుని కోటకు బయలుదేరినట్టే బయలుదేరి, దడి చాటున ఆగిపోయాను. లోపల కోడలు రోజారమణి బియ్యం గిన్నెలో పోసింది. నీళ్ళు పోయకముందు అందులోంచి ఒక పిడికెడు వెనక్కి తీసింది. కళ్ళు మూసుకుని ఏదో గొణిగింది. ఆ పిడికెడూ పొయ్యి వెనకున్న పాలపొడి డబ్బాలో వేసి మూతపెట్టింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే కదా అనుకుని ఒక్క అంగలో లోపలికి పోయాను.

దొంగతనం కాదంది. అది దేవుడి భాగమంది. చర్చికి పోయే ఆడవాళ్ళందరూ పూటపూటకూ వండే బియ్యంలోంచి ఒక పిడికెడు పక్కన పెడతారంట. ఆదివారం తీసుకుపోయి చర్చిలో పోస్తారంట. వీలైనంత తన ముద్దలోంచే తగ్గించుకుంటున్నానని, నా కంచంలోదీ సుబ్బు కంచంలోదీ ముట్టలేదని చెప్పింది. అది మాత్రం నిజమే. పిల్ల ఈ మధ్య కాస్త చిక్కింది. నేను దానికి కూడా చర్చినే తిట్టుకుంటూ ఉన్నాను.

రోజా నాకు పరాయి పిల్ల కాదు, నా అన్న కూతురు. దానికి జడ వేయడం చేతకాని వయసులోనే నా కోడలని అనుకున్నాను. సుబ్బుకిచ్చి చేస్తావా అని నేనే మా అన్న గడప తొక్కి అడిగాను. గలగలా మాట్లాడే పిల్ల. అది నవ్వితే వీధి చివర వినపడేది. అలాంటిదానికి తొలి కాన్పులో బిడ్డ కడుపులోనే పోయింది. నెల్లూరు ఆసుపత్రి నుంచి తీసుకొచ్చాక పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. పాలెంలో ఆడవాళ్ళందరూ వచ్చారు. చిన్నదానివే కదా మళ్ళీ పుడతారులే అన్నారు, టీ తాగారు, పోయారు. నేనూ అదే మాట అన్నాను. అంతకంటే ఏమనాలో నాకు మాత్రం ఏం తెలుసు.

అప్పుడొచ్చింది పాస్టరు గారి భార్య కరుణాకుమారి. సరుగుడు తోపు పక్కన రేకుల షెడ్డులో చర్చి నడిపే హెబ్రోను భార్య. ఆమె ఏమీ అనలేదు. రొమ్ముల్లో పాలు గడ్డకట్టి రోజా మెలికలు తిరుగుతుంటే వేడిగుడ్డతో కాపడం పెట్టింది. తల దువ్వింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. పని లేకుండా ఎవరి గడప ఎవరు తొక్కుతారు? నీకేం కావాలమ్మా అని మొహం మీదే అడిగాను. ఏం వద్దక్కా అంది. ఏం వద్దనేవాళ్ళే చివరికి ఎక్కువ అడుగుతారని నాకు తెలుసు. అనుకున్నట్టే అయింది. లేచి తిరగడం మొదలుపెట్టిన రోజా, తిరిగింది చర్చివైపే.

బియ్యం సంగతి బయటపడ్డాక నేను ఊరుకోలేదు. ఆదివారం పొయ్యిలోకి ఎండు సరుగుడు ఆకు ఏరుకునే నెపంతో తోపులోకి పోయి, షెడ్డుకు దగ్గర్లో కూర్చున్నాను. మైకు ఉంది కనక చెవులు రిక్కించాల్సిన పని కూడా లేదు. హెబ్రోను కృప గురించి చెబుతున్నాడు. కృప అంటే ఊరికే దొరికేదంట, దాన్ని కొనలేమంట, అమ్మలేమంట. నాకు నవ్వొచ్చింది. గాలానికి ఎర కూడా చేపకు ఊరికే దొరుకుతుంది మరి.

తర్వాత ఆడవాళ్ళు వరసలో వచ్చి బియ్యం పోశారు. ఒకరు చిన్న సంచి, ఒకరు కొంగు మూట. అందరివీ ఒకే పెద్ద గంపలో పడ్డాయి. ఎవరిది ఎంతో ఎవరూ చూడలేదు. అదే నాకు మింగుడుపడలేదు. కొలత లేని చోట మోసం ఉండి తీరాలి. ప్రార్థన అయిపోయేదాకా కూర్చుని ఆ గంప ఎటు పోతుందో చూశాను. కొంత పాస్టరు ఇంట్లోకి పోయింది. అదీ సంగతి అనుకున్నాను. మిగిలింది కరుణాకుమారి సంచిలో పోసుకుని, పాలెం చివర ఒంటరిగా ఉండే మాలకొండమ్మకు ఇచ్చి వచ్చింది. మాలకొండమ్మ చర్చి మొహం ఎప్పుడూ చూసింది కాదు. ఆమె గుడిసెలో ఇప్పటికీ అమ్మవారి పటానికి దీపం వెలుగుతుంది. ఆమెకెందుకిచ్చినట్టు? రేపు ఆమెను కూడా లాగడానికే అని తీర్మానించుకుని, ఆకు మోపు ఎత్తుకుని ఇంటికొచ్చాను.

ఇవన్నీ ఒక ఎత్తు. నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఇంకొకటి ఉంది. ఆ బియ్యం తెల్లగా ఉన్నాయి.

మాలో ఏ మంచి పనికైనా బియ్యానికి పసుపు తగలాలి. పెళ్ళికి తగలాలి, పేరంటానికి తగలాలి, కొత్త పడవను నీళ్ళలోకి తోసేటప్పుడు గంగమ్మకు చల్లే గింజలకు తగలాలి. పసుపు తగలని బియ్యాన్ని పిడికిట పట్టి పెట్టేది ఒక్కచోటే, పాడె మీద పడుకున్న మనిషి నోట్లో. నా మొగుడు గంగులయ్య నోట్లో నేను అట్లా పెట్టాను. ఇప్పుడు నా కొడుకు కాశిమేడు రేవు బోటెక్కి సముద్రంలో ఉండగా, నా కోడలు పూటపూటకూ తెల్లబియ్యం పిడికిట పట్టి, కళ్ళు మూసుకుని, దేవుడి పేరు చెప్పి పక్కన పెడుతోంది. వారం వారం వాటిని గడప దాటిస్తోంది. ఏ దేవుడైతే ఏమిటి, తెల్లబియ్యం పంపితే మా ఇంటి గురించి ఏమనుకుంటాడు? ఎవరి నోటికోసం పంపారనుకుంటాడు?

రోజాకు చెబితే వినదు. చెప్పడానికి నాకు నోరు కూడా రాలేదు. ఆ మాట పైకి అంటే నిజమవుతుందని భయం. అందుకని ఆదివారం పొద్దున అది స్నానానికి పోగానే డబ్బా దించి, తడి వేలికి పసుపు అద్దుకుని బియ్యంలో కలియదిప్పాను. అంతా కాదు. అక్కడో గింజ, ఇక్కడో గింజ. అమ్మా గంగమ్మా, నా బిడ్డను ఒడ్డు చేర్చు తల్లీ అనుకున్నాను. మూత పెట్టి, ఏమీ ఎరగనట్టు వాకిలి చిమ్ముతూ నిలబడ్డాను. రోజా బియ్యం సంచిలో పోసుకుని పోయింది. ఏమీ అనలేదు కనక చూడలేదనుకున్నాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే పని. సుబ్బు క్షేమంగా వస్తూనే ఉన్నాడు, పోతూనే ఉన్నాడు. నా పసుపే వాణ్ణి తెస్తోందని నాకు నమ్మకం.

ఇట్లా ఉండగా రోజా బాప్తిస్మం తీసుకుంటానంది. పులుసులోకి మామిడికాయ తరుగుతూ, అదేదో సంతకు పోయొస్తాననే మాటలా చెప్పింది. ఎక్కడ అన్నాను. ఏటి మొగ దగ్గర అంది. ఏరు సముద్రంలో కలిసే ఆ మొగలోనే గంగులయ్య పడవ బోల్తాపడింది. అక్కడే ఆయన శవాన్ని ఒడ్డుకు లాగారు.

"నీళ్ళలో ముంచేది ఎందుకు మే?" అన్నాను.

"పాత మనిషిని పాతిపెట్టినట్టంట అత్తా. ప్రభువుతో కూడా చచ్చిపోయి, ఆయనతో కూడా లేచినట్టు."

"పాత మనిషికేమొచ్చింది? మా అన్నని అడిగి నేను తెచ్చుకునింది ఆ పాత మనిషినే గదా."

దానికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. ఆ రోజంతా అదే మాట నా బుర్రలో తిరిగింది. బిడ్డ పోయిన నాటి నుంచి సగం పిల్ల ఎటో పోయింది, మిగిలిన సగాన్ని కూడా వీళ్ళు నీళ్ళలో పాతిపెట్టి, వేరే మనిషిని లేపి నాకు అప్పగిస్తారన్నమాట. ఆ వచ్చేది నన్ను అత్తా అంటుందో, దయ్యాలకు మొక్కే ముసలిది అంటుందో ఎవరికి తెలుసు? అట్లా మారిపోయి ఇంట్లో దీపం ఆర్పేసిన కోడళ్ళ కథలు మార్కెట్లో నేను విననివి కావు. సుబ్బుకు ఫోన్ చేశాను. ఇంజను మోతలో వాడు అరిచి చెప్పిందేమిటంటే, పాస్టరు తనను ముందే అడిగాడంట, తను సరేనన్నాడంట, దానికి అందులో కాస్త నెమ్మదిగా ఉంటే ఉండనీ అన్నాడు. నీకు ఇష్టం లేకపోతే నువ్వే చెప్పుకోమ్మా, నువ్వు పెద్దదానివి అన్నాడు. మగవాళ్ళు ఎప్పుడూ ఇంతే, తాడు మన చేతికిచ్చి తెడ్డు వాళ్ళు పట్టుకుంటారు.

మొగ దగ్గరికి పోయి అందరి ముందూ జుట్టు విరబోసుకుని కూర్చుందామనుకున్నాను. ఆ అవసరం రాలేదు. బాప్తిస్మం ఇంకో వారం ఉందనగా, ఆదివారం చర్చి నుంచి వచ్చిన రోజా ఖాళీ సంచి మేకుకు తగిలించి, "నాకు లేదంటత్తా, ఆపినారు," అంది. ఎందుకని అడిగితే, ఇంకా సమయం రాలేదంట అని లోపలికి పోయింది.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. గంగమ్మ తల్లికి కొబ్బరికాయ మొక్కుకున్నాను. ఆ పూట పులుసులో పెద్ద ముక్కలన్నీ రోజా కంచంలో వేశాను. అది తిన్నది. కంచాలు కడిగింది. నా కాళ్ళకు నూనె రాసింది. ఏడవలేదు, అలగలేదు. సంతోషంలో సంతోషంగా నాకు అనుమానం కూడా మొదలైంది. అంత ఆశపడిన పిల్ల ఇంత మెత్తగా ఉందంటే లోపల ఏదో ఉంది. సుబ్బు రాగానే ఇద్దరూ కలిసి నెల్లూరుకు కాపురం మార్చేస్తారేమో. ఎవరికీ చెప్పకుండా వేరే చోట ముంచుతారేమో. రెండు రోజులు దాని వెనకాలే తిరిగాను. ఏమీ దొరకలేదు.

మూడోనాడు కోట మార్కెట్లో కూర్చుని ఉండగా కరుణాకుమారి వచ్చింది. గంప ముందు కూర్చుని కానాగంతలు అటూ ఇటూ తిప్పింది. ఆమె చేపల కోసం రాలేదని చూడగానే తెలిసిపోయింది.

బియ్యంలో పసుపు గింజలు కొన్ని వారాలుగా వస్తున్నాయంట. ఎవరివో తెలియలేదంట. సంఘ పెద్ద క్రీస్తురాజు మొన్న ఆదివారం ఎవరి సంచి వారిని విడిగా పోయమంటే రోజాది బయటపడిందంట. ఇవి అక్షింతలు, విగ్రహం ముందు పెట్టి తెచ్చినవి, ఈమె రెండు పడవల మీద కాళ్ళు పెట్టింది, ఇలాంటిదానికి బాప్తిస్మమా అని అతను గట్టిగా పట్టుబట్టాడంట. ఆడవాళ్ళందరి ముందూ నిలబెట్టి అడిగారంట. రోజా తల వంచుకుని, తప్పు నా మీదే వేసుకుంటాను అందంట. ఇంకొక్క మాట మాట్లాడలేదంట. ఇదంతా చెప్పి, కరుణాకుమారి చేప కింద పెట్టి నా కళ్ళలోకి చూసింది.

"నాకెందుకో నమ్మబుద్ధి కావడం లేదక్కా. ఆ పిల్ల చేసే పని కాదది. మీరు గానీ కలిపినారా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి దానంతట అదే కొంగులోకి పోయింది. వేలికి పసుపు లేదు, పొద్దున్నించి చేపల నీళ్ళలో నానిన వేలు. అయినా దాచుకున్నాను.

"నాకేం తెలుసమ్మా," అన్నాను. "మీ దేవుడి గొడవ మీది. కావాలంటే తీసుకో, లేదంటే బేరం చెడగొట్టకుండా లే."

ఆమె ఏమీ కొనకుండా లేచి వెళ్ళిపోయింది. నేను చేపల మీద నీళ్ళు చల్లుకుంటూ కూర్చున్నాను. నాకు కావలసింది ఇదే కదా. నేను నోరు మూసుకుంటే చాలు. పిల్ల నీళ్ళలో దిగదు, ఇల్లు ఇల్లుగా ఉంటుంది, నా మీద ఈగ కూడా వాలదు. అంతా నాకు అనుకూలంగా ఉంది. అయినా అక్కడ కూర్చోలేకపోయాను. గంపలో సగం చేపలు మిగిలుండగానే అడిగినవాళ్ళకు అడిగినట్టు ఇచ్చేసి ఆటో ఎక్కాను.

రోజా ఇసుక మీద పాత వల పరిచి నెత్తళ్ళ చేపలు ఆరబోస్తోంది. నేను గంప కింద పడేసి దాని ముందు నిలబడ్డాను.

"పసుపేసింది నేనని నీకు తెలుసునా?"

"తెలుసత్తా," అంది, చెయ్యి ఆపకుండా. "మొదటి వారమే చూసినా. డబ్బా మూతకి నీ వేలి పచ్చ అంటుకోనుండింది."

"మరి ఏరి పారేయలేకపోయినావా? ఆ బియ్యం పొయ్యి మీదికి పోసేసి వేరేవి ఎత్తుకోని పోలేకపోయినావా?"

"నీ చేత్తో దేవుడికని కలిపినావు. నేనెట్టా పారేసేది?"

"మీ దేవుడికి కాదు మే. నా కొడుకు కోసం ఏసినా."

"కొడుకు కోసమని ఆయనకి మాత్రం తెలవదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ పిల్ల తగువుకు కూడా చోటివ్వదు. వాళ్ళడిగినప్పుడు నా పేరు ఎందుకు చెప్పలేదని అరిచాను. దేవుడు దేవుడని తిరిగేదానివి చర్చిలో నిలబడి అబద్ధమాడావా అన్నాను. అప్పుడు లేచి నిలబడి, చేతులకంటిన పొలుసు కొంగుకు తుడుచుకుంది.

"నేనేసినానని చెప్పలేదత్తా. తప్పు నా మీదేసుకుంటానన్నా, అంతే. నీ పేరు చెప్తే అత్త ఇట్టాంటిది, అత్త అట్టాంటిదని తలా ఒక మాటంటారు. నిన్నంటే నేను వినలేను. నన్నంటే పడతా."

"అందుకని అంత ఆశపడిందాన్ని వదులుకుంటావా?"

"నువ్వు భయపడి ఏసినావు. భయపడేవాళ్ళని పట్టిచ్చి నేను నీళ్ళలో దిగేది ఏముంది?"

ఇది కూడా ఏదన్నా ఎత్తేమో అని దాని మొహంలో వెతికాను. నన్ను సిగ్గుపడేట్టు చేసి లొంగదీసుకోవడానికేమో, సుబ్బుకు చెప్పి నన్ను చెడ్డదాన్ని చేయడానికేమో అని చాలాసేపు చూశాను. నిద్ర చాలని కళ్ళు తప్ప అందులో ఏమీ లేదు. ఆ పిల్ల రోజూ రాత్రి ఏడుస్తూనే ఉందని అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపుకంటే ముందు కోపమొచ్చింది కనక, నెత్తళ్ళు కాకులు తింటున్నాయి చూడమని దాన్నే తిట్టి లోపలికి పోయాను. సుబ్బు వయసువాడైన ఆ క్రీస్తురాజు అందరి ముందూ దాన్ని ఎట్లా నిలబెట్టి ఉంటాడో తలుచుకుంటే నాకు ముద్ద దిగలేదు.

ఆదివారానికి నేను ఒక నిర్ణయానికి వచ్చాను. పోయి ఉన్నమాట చెబుతాను. పిల్ల మీద పడ్డ మచ్చ తుడిచేస్తాను. తర్వాత చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేస్తాను. పరువూ దక్కుతుంది, పిల్లా దక్కుతుంది. ఇంతకంటే మంచి బేరం లేదనిపించింది.

మొగ దగ్గర చర్చివాళ్ళందరూ పోగయ్యారు. బాప్తిస్మం తీసుకునే ఆడవాళ్ళు ఇద్దరు తెల్లచీరల్లో నిలబడి ఉన్నారు. రోజా వాళ్ళ తువ్వాళ్ళు మోస్తూ ఒక పక్కన ఉంది. తనకు లేని దానికి ఊడిగం చేయడానికి పోయింది, చూడండి. నన్ను చూడగానే పాటలు ఆగిపోయాయి. క్రీస్తురాజు ఎదురొచ్చి, ఇక్కడ గొడవ చేయొద్దమ్మా, కావాలంటే తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు. అందరి కళ్ళలోనూ అనుమానం. నేను రోజూ లోకాన్ని చూసే చూపే అది. అది మన మీదికి తిరిగితే ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"గొడవకి రాలా," అన్నాను. "బియ్యంలో పసుపేసింది నేను. వారం వారం ఏసినా. నా కొడుకు సముద్రం మీద ఉంటే ఇంట్లోంచి తెల్లబియ్యం పిడికిట పట్టి పంపిస్తా ఉంటే నాకు పానం ఒప్పలా. మొన్న ఈయమ్మ అడిగితే నాకు తెలవదని అబద్ధం చెప్పినా. ఈ పిల్ల బాప్తిస్మం ఆగిపోయిందని కొబ్బరికాయ మొక్కుకున్నా. అన్నీ దీనికి తెలుసు. తెలిసి కూడా నా కాళ్ళకి నూనె రాసింది. ఇంట్లో దీని నడత ఎట్టాంటిదని మీరు అడగాల్సింది నన్ను. మీరు అడగలా. ఇప్పుడు చెప్తా ఉండా, వినండి. దీని నడతలో వంక లేదు."

కోడల్ని కాపాడుకోవడానికి చెబుతోందేమో అని వెనక ఎవరో గొణిగారు. క్రీస్తురాజు కూడా నమ్మలేనట్టే చూశాడు. కరుణాకుమారి మాత్రం వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నేను లాక్కున్నాను, ఆమె మళ్ళీ పట్టుకుంది. హెబ్రోను అప్పటికే నడుము లోతు నీళ్ళలో ఉన్నాడు. బట్టలు కారుతూ ఒడ్డుకు వచ్చి, సంఘమంతా వినేలా, ఈ బిడ్డను మనం అవమానించాం, ముందు తప్పు మనది అన్నాడు. క్రీస్తురాజు తల దించుకున్నాడు. నాకు కడుపు చల్లబడింది. రోజా చెయ్యి పట్టుకుని, పద మే ఇంటికి అనబోయాను.

అంతలో హెబ్రోను నా వైపు తిరిగాడు.

"అమ్మా, ఇప్పుడు ఈమెకు అడ్డమేమీ లేదు. సుబ్బు ముందే సరేనన్నాడు. కానీ ఇంటికి పెద్ద మీరు. మీరు వద్దంటే నేను ఈమెను నీళ్ళలోకి దించను."

నేను దీనికి రాలేదు. నేను వచ్చింది దీనికి కానే కాదు. మచ్చ తుడిచి పిల్లను తీసుకుపోదామని వస్తే, వీడు పిల్లనే నా చేతిలో పెట్టి అడుగుతున్నాడు. నన్ను మాటల్లో పెట్టి ఇరికించాడా అని అతని మొహం చూశాను. చలికి వణుకుతూ, నేనేం చెబితే అది వినడానికి నిలబడి ఉన్నాడు, అంతే. అతని వెనక మొగ. పైకి నెమ్మదిగా కనపడే నీళ్ళు. ఆ నీళ్ళు నా ఇంటికి ఏం చేశాయో ఆ గుంపులో అందరికీ తెలుసు. వద్దు అన్న మాట నా నాలుక మీదే ఉంది.

రోజా తువ్వాళ్ళు పక్కనున్న ఆమె చేతికిచ్చేసింది. నా దగ్గరికొచ్చి, నాకు మాత్రమే వినపడేలా అంది.

"వద్దులే అత్తా. నువ్వు భయపడొద్దు. ఇంటికి పోదాం రా."

నిజంగానే అంది. బుంగమూతి లేదు, దెప్పిపొడుపు లేదు. కాళ్ళు అప్పుడే ఇంటి దారికి తిప్పింది. ఆ పిల్ల మళ్ళీ నాకోసమే వదులుకుంటోంది. ఇట్లా నాకోసం ఎన్నిసార్లు వదులుకుంటుంది, నేను ఎన్నిసార్లు తీసుకుంటాను? తీసుకుంటూ పోతే నా ఇంట్లో దాని ఒళ్ళు ఉంటుంది, అది ఉండదు. నాకు భయం పోలేదు. ఆ మాట నేను దేవుడి ముందైనా చెబుతాను, ఇసుమంతైనా పోలేదు.

"పో మే," అన్నాను. "నేనుండా గదా."

అది నా వైపు చూసింది, నమ్మలేదు. నేనే చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి నడిపించాను. చీర తడిసి కాళ్ళకు చుట్టుకుంది. మోకాళ్ళు దాటాయి, నడుము దాటింది. కాళ్ళ కింద ఇసుక జారుతోంది. ఒడ్డు మీద మళ్ళీ పాట ఎత్తుకున్నారు. హెబ్రోను ఆ పక్కన నిలబడి దాని వీపు కింద చెయ్యి పెట్టాడు. తండ్రి పేరు, కుమారుడి పేరు ఏదో చెప్పాడు, నా చెవికి సగమే ఎక్కింది. నా వేళ్ళు రోజా మణికట్టును పట్టుకునే ఉన్నాయి. గాజులు దాని చేతిలో గుచ్చుకుని ఉంటాయి, అది కిమ్మనలేదు.

"వదలాలమ్మా," అన్నాడు హెబ్రోను, మెల్లగా.

వదిలాను. పిల్ల వెనక్కి ఒరిగింది. ముందు జుట్టు, తర్వాత నుదురు, తర్వాత మొహమంతా నీళ్ళ కిందికి పోయింది. నీళ్ళు దాని మీద మూసుకుని చదునైపోయాయి. నేను ఏ దేవుణ్ణి పిలిచానో నాకు తెలియదు, పేరు పెట్టి మాత్రం పిలవలేదు. ఒడ్డున పాట వినపడటం మానేసింది.

హెబ్రోను లేపాడు. రోజా ముక్కుల్లోకి నీళ్ళు పోయి పొలమారి దగ్గింది. ఉప్పునీళ్ళు కక్కింది. కళ్ళింకా తెరవనే లేదు, చేతులు గాలిలో తడుముకుంటూ, "అత్తా, యాడుండావు?" అంది.